తూకమేసి పంచుకున్న ఇంజను

మా ఇంటి ఎదురుగా, హాలియా రోడ్డు మీద, ఈ మధ్య మోటారు సైకిళ్లు బాగుచేసే దుకాణం ఒకటి పెట్టారు. పొద్దెక్కినప్పటి నుంచి పొద్దుగూకే దాకా అక్కడ ఏదో ఒక బండి పేగులు బయటపెట్టుకుని పడి ఉంటుంది. మొన్న నేను అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తుంటే, ఆ దుకాణం పిలగాడు తన గిరాకీతో చెబుతున్న మాట చెవిన పడింది. "కామ్ షాఫ్ట్ మార్పియ్యన్నా. గీ హెడ్డు మీద పెద్ద కామ్ ఏస్తే బండి ఉరుకుడు కాదు, ఎగురుడే." నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కూర్చున్న చోటు నుంచే కేక వేశాను. "ఒరే, ఎయ్యకుర! ఆ హెడ్డుకు ఆ కామ్ కుదురుతదా లేదా చూసినవా ముందుగాల?" వాడు చేతిలో పానా పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందవ్వా, నీకు కామ్ అంటే ఎరికేనా?" అని పళ్లికిలించాడు. ఎరికే నాయనా. నాకు సైకిలు తొక్కడం రాదు, అక్షరాలు కూడా కోడళ్లు ఇంటికి వచ్చిన తర్వాత వచ్చాయి. కానీ కామ్ షాఫ్ట్ సంగతి మాత్రం మీ నాయిన పుట్టకముందు నుంచే ఎరుక. అది నా వరి మడిని ఎండబెట్టింది.

తెలియని వాళ్లకు నాకు తెలిసినట్టే చెబుతాను, మెలికలు తిప్పి రాయడం నా చేత కాదు. ఇంజను కడుపులో ఒక ఇనుప కడ్డీ తిరుగుతూ ఉంటుంది. దాని మీద కోడిగుడ్డు మొనలాంటి ఉబ్బులు ఉంటాయి. అదే కామ్. ఆ ఉబ్బు పైకి తిరిగినప్పుడల్లా ఒక సన్న కడ్డీని నెడుతుంది, ఆ సన్న కడ్డీ పోయి పైన హెడ్డులో ఉన్న వాల్వును తెరుస్తుంది. హెడ్డు అంటే ఇంజను నెత్తిన బిగించిన బరువైన మూత. అందులో ఒక వాల్వు గాలిని లోపలికి తీసుకుంటుంది, ఇంకొకటి పొగను బయటికి తోలుతుంది. ఉబ్బు ఎంత ఎత్తుంటే వాల్వు అంత తెరుచుకుంటుంది, ఎంత వెడల్పుంటే అంతసేపు తెరుచుకుని ఉంటుంది. అంటే కింది ఉబ్బూ పై మూతా ఒకదాని కొలత ఒకదానికి తెలిసి పుట్టాలి. ఇంతే సంగతి. ఇంత సంగతి మా ఇంటి మగవాళ్ల బుర్రకెక్కడానికి ఒక పంట పోవలసి వచ్చింది.

అప్పుడు మేము ఉన్నది మర్రిగూడ దగ్గర ఒక ఊళ్లో. చుట్టూ ఎర్రమట్టి చెల్కలు, వాటిలో ఆముదాలు, జొన్న, కంది. వాన పడితే పంట, లేకుంటే గొర్ల మేత. మాకు ఒక బావి ఉండేది. ఆ నీళ్లు తాగి ఇంటిల్లిపాది పళ్లకూ పసుపు గీతలు పడ్డాయి గానీ ఆ బావే మాకు దిక్కు. దాని కింద నాలుగు మళ్లు వరి పండేది. మొదట్లో మోట కొట్టేవాళ్లు. ఎడ్లు వెనక్కీ ముందుకూ నడుస్తుంటే తోలు సంచిలో నీళ్లు పైకి వచ్చి భళ్లున పడేవి. హాలియా దిక్కు సాగర్ కాలువ తవ్వుతున్నారని, ఆ నీళ్లు మాత్రం మా మిట్టకు ఎక్కవని తెలిసిన రోజు మా మామకు పౌరుషం వచ్చింది. మోట ఎడ్లను అంగట్లో అమ్మి ఆయిల్ ఇంజను తెచ్చాడు. ఆకుపచ్చ రంగు, రెండు పక్కలా పెద్ద చక్రాలు. బండి మీద వస్తుంటే ఊరంతా వెంట నడిచింది. మా అత్త దాని చక్రానికి పసుపు రాసి, హెడ్డుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. హేండిల్ వేసి నలుగురు తిప్పితే మొదట తుమ్మింది, తర్వాత దగ్గింది, ఆ తర్వాత డుగ్ డుగ్ డుగ్మని నిదానంగా అందుకుంది. ఎండాకాలపు నడిపొద్దున గొంగడి పరుచుకుని పడుకున్న ముసలాయన గురక లాంటి చప్పుడు అది, ఎక్కడా తొట్రుపాటు లేదు. నీళ్లు లావుపాటి ధారగా వచ్చి కాలువలో పడుతుంటే డీజిల్ వాసనా తడి మట్టి వాసనా కలిసి కమ్మగా ఉండేది. అంగట్లో అమ్మిన ఎడ్లను తలుచుకుని మా అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది, అది వేరే ముచ్చట.

మామ పోయిన మరుసటి ఏడాదే అన్నదమ్ములు వేరు పడ్డారు. ఎందుకు పడ్డారంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒక నాగలి కర్రు దగ్గర మొదలైంది, ఎక్కడెక్కడికో పోయింది. మా బావ, అంటే మా ఇంటాయన అన్న, మాట్లాడే మనిషి కాదు. ఆయన నోట్లోంచి మాట రావడమే కష్టం, వచ్చిందా ఇక వెనక్కి పోదు. మా ఇంటాయన నోరు ఆగదు. పొద్దున అన్న మాట మాపటికి ఆయనకే గుర్తుండదు, కానీ అన్నప్పుడు మాత్రం బండ మీద చెక్కినట్టే అంటాడు. ఈ ఇద్దరి మధ్య నేనూ మా అక్కా, అంటే నా తోటికోడలు, చెరి ఒక ఎద్దు పలుపు పట్టుకున్నట్టు ఉండేవాళ్లం.

పంపకాలకు ఊరి పెద్దమనుషులు వచ్చి మా వాకిట్లో చాపల మీద కూర్చున్నారు. ఇల్లు, చెల్క, మళ్లు, గొర్లు, గంగాళాలు అన్నీ తేలాయి. మా అత్తకు ముసలితనం వాటా కింద బావికి ఆనుకుని ఉన్న మడి ఇచ్చారు. నెలకొక కొడుకు ఇంట్లో తినాలి, ఆ మడికి కొడుకులిద్దరూ వంతులేసుకుని నీళ్లు పెట్టాలి అని తేల్చారు. అంతా అయింది, ఇంజను దగ్గర ఆగింది. ఒకరు ఇంజను ఉంచుకుని రెండో వాళ్లకు విలువ కట్టి ఇమ్మంటే ఇద్దరూ వద్దన్నారు. ఇద్దరిదీ ఉండనీ, రోజు మార్చి రోజు నడుపుకోండి అంటే, "నా వంతు రోజుకు చెడగొట్టి పెడ్తడు" అని ఒకరి మీద ఒకరు చెప్పారు. పెద్దమనుషులు చుట్టలు కాల్చీ కాల్చీ విసిగిపోయారు. అప్పుడు మా బావ నోరు తెరిచాడు.

"సగం సగం చెయ్యిన్రి."

"ఇంజను సగం ఎట్ల చేస్తరయ్యా? కుంచెడు వడ్లా బెల్లమా?" అన్నాడు ఒక పెద్దమనిషి.

"ఇప్పితే అయితది," అన్నాడు మా బావ.

మా ఇంటాయన అక్కడ అడ్డం పడతాడేమో అని చూశాను. పడలేదు. "అన్న ఒప్పుకుంటే నేను ఎనుకపోత్తనా? ఇప్పున్రి," అన్నాడు ఛాతీ చరుచుకుని. నేను తలుపు వెనక నుంచి, "ఓ నాయినా, కోడిని పంచుకున్నట్టు ఇంజను పంచుకుంటరా? గుడ్డెవలు పెడ్తరు మరి?" అన్నాను. ఆడదాని మాట అప్పుడు వాకిలి దాటేది కాదు. విప్పారు. ఆముదాలు తూచే కాంటా తెచ్చారు. హెడ్డు, దాని వాల్వులు, డీజిలు చిమ్మే పంపు, టాంకు, ఒక చక్రం ఒక పక్క వేశారు. కామ్ షాఫ్టుతో సహా కింది బాడీ, పిస్టను, రెండో చక్రం ఇంకో పక్క. కింది బాడీ ఎక్కువ తూగింది. అందుకని హెడ్డు పక్క మా మామ కాలపు గడ్డపారలూ, రుబ్బురోలు పొత్రమూ వేసి సరి చేశారు. హెడ్డు పెద్దవాడికి, బాడీ చిన్నవాడికి. బావి దగ్గర గద్దెకు బిగించిన నీళ్ల పంపు మాత్రం ఇద్దరిదీ. ఎవరి ఇంజను వాళ్లు తెచ్చుకుని తోలు పట్టా తగిలించి తోడుకోవాలి. పెద్దమనుషులు తృప్తిగా లేచి దులుపుకుని పోయారు. ఇంత న్యాయమైన పంపకం చుట్టుపక్కల ఊళ్లలో జరగలేదని ఆ తర్వాత చానాళ్లు చెప్పుకున్నారట. నేను ఆ పొత్రం లేక పక్కింట్లో పిండి రుబ్బుకున్నాను.

అది యాసంగి, అంటే రెండో పంట. నాట్లు పడేటప్పుడు వానల మిగులు ఉంది గనక బావి పైపైనే నిండి ఉంది, బొక్కెనలతో తోడినా సరిపోయింది. వరి పచ్చగా పైకి లేచింది. ఎండలు ముదిరేకొద్దీ నీళ్లు కిందికి దిగాయి. ఇక ఇంజను ఉంటేనే. మోట కొడదామంటే ఎడ్లు లేవు, ఆ ఎడ్లు అమ్మిన డబ్బే కదా ఆ ఇంజను. మా వాటాకొచ్చిన మడే మా ఏడాది బియ్యం. అది పోతే ఏడాదంతా జొన్న గటక, అదీ దొరికితే. ఈ సంగతి నాకు తెలుసు, మా అక్కకు తెలుసు. మగవాళ్లకు మాత్రం ఎవరి ఇంజను ముందు మోగుతుందనేదే పట్టింపు.

మా బావ ఎటో పాలమూరు దిక్కు పోయి, మూతపడ్డ ఒక బియ్యం మిల్లు నుంచి పాత బాడీ ఒకటి బండి కట్టించి తెచ్చాడు. మా ఇంజను కంపెనీదే. మా ఇంటాయన పట్నం పోయి పాత సామాన్ల బజారులో డీజిలు పంపూ టాంకుతో పాటు హెడ్డు ఒకటి తెచ్చాడు. అదీ ఆ కంపెనీదే, కాకపోతే జోరుగా తిరిగే వేరే రకం ఇంజనుది. బోల్టుల రంధ్రాలు ఒక్కటి తప్ప అన్నీ కలిశాయి, ఆ ఒక్కటి ఆకురాయితో అరగదీశారు. మోత్కూర్ నుంచి ఒక మిస్త్రీని తెచ్చాడు. ఆయన లారీల మిస్త్రీ. నూనె టోపీ, చెవి మీద బీడీ. లారీ తప్ప లోకంలో ఇంకో ఇంజను ఉందని ఆయన ఒప్పుకునేవాడు కాదు. మా ఇంటాయన తెచ్చిన హెడ్డును బోర్లించి చూసి చప్పట్లు కొట్టాడు.

"అన్నా, మాల్ దొరికింది నీకు. గీ వాల్వులు చూడు, పళ్లెమంత ఉన్నయి. దీని దమ్ము గుంజాలంటే నీ కింది కామ్ సాలదు. ముసలిది అది. లేపాలె దాన్ని."

"లేపితే ఏమైతది?" అన్నాను నేను.

"నీళ్లు లేస్తయి అక్కా. ఒక్క తాన గాదు, మీ బావగారి మడి దాకా లేస్తయి."

ఆ మాట అనకుండా ఉండవలసింది. "బావగారి మడి దాకా" అన్నది చెవిన పడగానే మా ఇంటాయన కళ్లు మెరిశాయి. కామ్ షాఫ్టును విప్పి గోనెసంచిలో చుట్టి నల్లగొండకు తీసుకుపోయారు. అక్కడ ఒక వెల్డింగు దుకాణంలో ఉబ్బుల మీద ఇనుము పోయించి ఎత్తు పెంచారు, వెడల్పూ పెంచారు. తిరిగి వచ్చినప్పుడు ఆ ఉబ్బులు చూస్తే కోడిగుడ్ల లాగా లేవు, బాతుగుడ్ల లాగా ఉన్నాయి. ఆ పాత ఉబ్బు ఇక ఎక్కడా లేదు కదా, పైన పోసిన ఇనుము కింద ఎక్కడో కరిగి కలిసిపోయింది కదా అనిపించింది. చెబితే ఎవరు వింటారు? "నువ్వు కుండల కాడ చూసుకో, ఇనుప పని మాది," అన్నాడు ఆయన.

బిగించారు. హేండిల్ వేసి తిప్పారు. మిస్త్రీ తిప్పాడు, మా ఇంటాయన తిప్పాడు, గొర్లు కాసే మా పక్కింటి అతను తిప్పాడు, ముగ్గురూ కలిసి తిప్పారు. ఇంజను పుసుక్కుమని గాలి వదిలింది. అంతకు మించి ఏమీ లేదు. ఆ పెద్ద ఉబ్బు లోపలికి గుంజిన గాలిని అక్కడే నిలపకుండా, వాల్వు ఇంకా తెరిచి ఉండగానే మళ్లీ బయటికి తోలేస్తోందని, జోరుగా తిరిగితే తప్ప ఆ కామ్ పనికి రాదని, చేతితో తిప్పితే ఏ ఇంజనుకూ ఆ జోరు రాదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మిస్త్రీ, "డీజిలు మంచిగ లేదు," అన్నాడు. ఆ తర్వాత, "జాగా మంచిగ లేదు," అన్నాడు. మా ఇంటాయన, "ఎవలిదో దిష్టి," అని అన్న ఇంటి వైపు చూశాడు. చివరికి గుడ్డ పేలిక డీజిల్లో ముంచి అంటించి గాలి పీల్చే గొట్టం దగ్గర పట్టుకుని తిప్పితే అంటుకుంది. అబ్బ, ఏం చప్పుడు! గురక కాదు అది, గజ్జెలు కట్టిన దున్న రంకె వేసినట్టు. బావి గద్దె వణికింది. నీళ్లు నిజంగానే లేచాయి, మడి గట్టు దాటి ఎగిరాయి. "చూసినవానే!" అని మా ఇంటాయన నా వైపు చేతులు చాపాడు. అవతల మా బావ తన మడి గట్టు మీద నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆయనకు చూపించాలని మా ఇంటాయన ఇంకొంచెం జోరు పెంచాడు. టక్ టక్ టక్ అని లోపల ఎవరో సుత్తె వేసినట్టయింది, ఒక్క పెద్ద చప్పుడు, ఇంజను ఆగింది. హెడ్డు విప్పితే వాల్వు కాడ వంగి ఉంది. ఎక్కువ తెరుచుకున్న వాల్వు పైకి వచ్చే పిస్టనుకు తగిలింది. ఆ కాస్త నీళ్లూ నా మడిలో ఒక మూల తడిపి ఆరిపోయాయి. మిస్త్రీ టోపీ సర్దుకుని, మోత్కూర్‌లో ఒక లారీ తన కోసం ఎదురుచూస్తోందని చెప్పి లేచాడు.

మా బావ ఇంజను మాత్రం తక్కువ తిన్నదా? మిల్లులో ఏళ్ల తరబడి తిరిగిన ఆ బాడీలోని కామ్ ఉబ్బులు అరిగి అరిగి నున్నటి గుండ్రాయిలా అయ్యాయి. అది వాల్వును తెరిచేదే కొంచెం. మంచి హెడ్డు పైన ఉన్నా దానికి గాలి అందదు. ఇంజను మోగేది, నల్లపొగ చిమ్మేది, నీళ్లు మాత్రం పొర్లీ పొర్లక వచ్చేవి. మా అక్క ఆ నీళ్ల వైపు చూసి, "మేక ఇంతకంటె మంచిగ పోస్తది," అంది. అయినా మా బావ ఆ ఇంజను పక్కన మంచం వేసుకుని, అంతా బాగున్నట్టు కాలు మీద కాలు వేసుకుని పడుకునేవాడు. ఒకే బావి, రెండు ఇంజన్లు, ఒకటి మూగది, ఒకటి ఉట్టి పొగ. మధ్యలో వరి పొట్టకు వచ్చి పగుళ్లిచ్చిన నేలలో నిలబడి ఉంది.

నేను ఆయనను బతిమాలాను. "జర అన్న కాడికి పోయి హెడ్డు అడుగు. ఒక్క తడి ఇస్తే ఎన్ను బయట పడ్తది."

"సచ్చినా అడుగ."

"నువ్వు సస్తే వరి పండదు, నీళ్లు పెడ్తె పండుతది."

ఆయన తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు. ఆ పూట బట్టలు ఉతికే రాయి దగ్గర మా అక్క కనిపించింది. వేరు పడినప్పటి నుంచి మగవాళ్ల ముందు మేమిద్దరం మాట్లాడుకునేది లేదు, రాయి దగ్గర మాత్రం అంతా మాట్లాడుకునేవాళ్లం. "మీ బావ గూడ గంతే," అంది ఆమె. "బాడీ అడుగు అంటె నా మొకం జూడకుంట పీట మీదికెల్లి లేసిండు. ఏం చేద్దాం చెల్లె? ఇద్దర్నీ రోట్ల ఏసి దంచుదామా?" అప్పుడు నాకు మా అత్త మడి తట్టింది. ఆ మడికి కొడుకులిద్దరూ నీళ్లు పెట్టాలని పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నారు కదా. ముసలామె అడిగితే కాదంటే ఊళ్లో తలెత్తుకోలేరు. రెండు ఇంజన్లు కలిపి ఆమె మడికి ఒక తడి పెడితే, ఆ ఊపు మీద మన మళ్లకూ మళ్లించుకోవచ్చు. ఆ నెల ఆమె తిండి వంతు మాదే. పొయ్యి దగ్గర కూర్చుని ఆమెకు ఎక్కించాను. ఆమె నా మాట పూర్తిగా వినకుండానే లేచింది. ముందరి రోజే ఆమె మడి నెర్రెలు బారడం చూసి వచ్చిందట, మనసులో కుతకుతలాడుతోందట.

చేతిలో పార పట్టుకుని బావి దగ్గరికి పోయి నడుమ నిలబడింది. కొడుకులిద్దరినీ పేరు పెట్టి పిలిచింది. "నన్ను కన్నోళ్లు ఇచ్చిన పొలం గాదు ఇది, నా మొగడు తవ్విన బాయి. ఇగ నా మడి ఎండితే మీ ఇంట ఒక్క ముద్ద ముట్ట. కోమటోళ్ల అరుగు మీద పండుకుంట. పొయ్యేటోడు వచ్చేటోడు అడుగుతడు, ఎందుకు పండుకున్నవే ముసల్దానా అని. చెప్తా. మంచిగ చెప్తా." మా బావ నేల చూశాడు. మా ఇంటాయన ఆకాశం చూశాడు. మా బావ మంచం మీది నుంచి లేచి, తన ఇంజను హెడ్డు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

పాత హెడ్డు తిరిగి పాత బాడీ మీదికి వచ్చింది. బొట్టు మరక కూడా ఇంకా పోలేదు. ఇక అయిపోయిందనుకుని నేను కాలువ సరిచేయడానికి పోయాను. ఎక్కడ అయిపోతుంది? కింద ఉన్నది ఆ పాత కామ్ కాదు కదా, నల్లగొండలో పోయించిన బాతుగుడ్డు! దాన్ని అట్లాగే తిప్పితే ఈ హెడ్డు వాల్వులూ వంగుతాయి. అరిగిపోయిన మిల్లు కామ్ తెచ్చి పెట్టినా నీళ్లు రావు. ఒకటి మరీ పొడుగు, ఒకటి మరీ పొట్టి, మధ్యలో ఉండవలసిన కొలత ఎవరి దగ్గరా లేదు. పొడుగుదాన్ని అరగదీయాలి, కానీ ఎంత వరకు? అన్నదమ్ములు హెడ్డును చాప మీద బోర్లించి, వాల్వు బయటికి తీసి, తలలు దగ్గర పెట్టి చూశారు. వాల్వు కాడ మీద ఒక చోట వరకు అద్దంలా నిగనిగలాడుతోంది, అక్కడి నుంచి మసి. ఇన్నాళ్లూ పాత కామ్ దాన్ని ఎంత దూరం నెట్టిందో ఆ మెరుపే చెబుతోంది. "గదీ!" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ముందు చూసింది నేనంటే నేనని, వాళ్లు బతికినన్నాళ్లూ దీని మీద వాదించుకున్నారు. ఉబ్బు వెడల్పుకు మిల్లు కామ్‌ను పక్కన పెట్టుకున్నారు. దాని తల అరిగినా పక్కలు అరగలేదు.

ఆ తర్వాత ఎదురెదురుగా గొంతుకూర్చుని ఆకురాయి పట్టారు. ఒకరు రుద్దడం, ఒకరు పట్టి చూడడం.

"ఇంక తియ్యిర."

"సాలన్నా, ఎక్కువైతె మళ్ల పొయ్యనీకి రాదు."

"పొయ్యనీకి ఎవడు పొమ్మన్నడుర నిన్ను నల్లగొండకు?"

"నువ్వు తూకం ఎయ్యమనకుంటె నేనెందుకు పోదును?"

ఇట్లా. రుద్దుడు కంటే మాటలు ఎక్కువ. నా వరి ఆకులు పొద్దున సన్నగా చుట్టుకుని, మాపటికి విప్పుకోవడం మానేస్తున్నాయి. నేను గట్టు మీద నిలబడి, "మీ తగువు కోతలైనంక పెట్టుకోన్రి!" అని అరిచాను. మా అక్క అన్నం మూట తెచ్చి, "తినేదాక అయినా నోరు మూస్తరు," అని ఇద్దరి ముందూ పెట్టింది. తింటూ కూడా మాట్లాడారు.

చివరికి బిగించి తిప్పారు. తుమ్మింది, దగ్గింది, అందుకుంది. మునుపటి నిదానం లేదు, ఒక కాలు కుంటుతున్న మనిషి నడకలా డుగ్డు డుగ్డు అని. అయితేనేం, నీళ్లు లావుగానే వచ్చాయి. నేను నా మడి మొగదల దగ్గర గట్టు తెగ్గొట్టి సిద్ధంగా నిలబడ్డాను. నీళ్లు రాలేదు. చూస్తే మా అత్త కాలువకు అడ్డంగా పార పెట్టి నిలబడి ఉంది. ముందు ఆమె మడి. ఆమె మడి పాదాలు మునిగే దాకా నిండింది, గట్టు దాకా నిండింది.

"అత్తా, నిండింది గద, ఇడువు," అన్నాను.

"నీకెందుకే పిల్లా తొందర? నా పేరు మీదనే గద ఇంజను కలిసింది."

నేను ఎక్కించిన మాట నా నెత్తి మీదికే వచ్చింది. ఆమె మడి మెత్తగా మునిగిన తర్వాత పెద్ద కొడుకు మడికి వదిలింది, ఎందుకంటే పెద్దవాడు. నా వంతు వచ్చేసరికి బావి అడుగు కనిపిస్తోంది. మళ్లీ ఊట ఊరాలి. నా మడిలో కింది భాగం దక్కింది, పై భాగం ఎన్ను వేసిందే గానీ లోపల పాలు పోసుకోలేదు. వేళ్లతో నలిపితే ఉట్టి పొట్టు రాలింది. అక్కడ గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు కంటే కోపం ఎక్కువ. ఎవరిని తిట్టాలో తేలక అందరినీ తిట్టాను, ఆ లారీ మిస్త్రీని కూడా.

ఆ ఇంజను ఆ తర్వాత ఇంకా చాన్నాళ్లు పనిచేసింది. వెల్డింగు ఇనుము మెత్తన గనక ఏటేటా ఉబ్బు అరిగేది, ఏటేటా నల్లగొండలో పోయించడం, ఏటేటా అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని ఆకురాయి పట్టడం. ఇంజను ఎవరిదని మళ్లీ ఎవరూ అడగలేదు. అడిగితే మళ్లీ కాంటా తెస్తారని నేను నోరెత్తలేదు.

ఆ ఏడాది కోతలప్పుడు మా అత్త మడి విరగపండింది. మా బావకు కొంత తగ్గింది. నాకు సగం తాలు. ముసలామె తన వడ్లను కళ్లంలో రెండు కుప్పలు పోయించింది, సమంగా, కుంచానికి కుంచం. ఒకటి పెద్ద కోడలికి, ఒకటి నాకు. "నేను నెలకొక ఇంట్ల తినేదాన్ని, నాకెందుకు గాదె?" అంది. నేను కాళ్లకు మొక్కబోయాను. "మొక్కులెందుకు గని, మంచిగ వండు," అంది. ఆ ఏడాదంతా ఆ బియ్యమే తిన్నాం. తిన్నామనడానికి లేదు, ఆమె తినిపించింది. ముద్ద ముద్దకూ, "నా బియ్యం ఎట్లున్నయే?" అనేది. మెతుకు పలుకైతే, "నా బియ్యం తప్పు గాదు, నీ ఎసరు తప్పు," అనేది. ఇరుగుపొరుగు వస్తే వాళ్లతోనూ, "నా బియ్యమే పాపం తింటున్నరు," అనేది. ఆమె తిండి వంతు అక్క ఇంటికి మారిన నెలలో కూడా గడప దాకా వచ్చి అడిగిపోయేది. ఈ ఏడాది ఎప్పుడు దాటుతుందా, ఈ వడ్లు ఎప్పుడు అయిపోతాయా అని నేను పళ్లు కొరుక్కుంటూ ఎదురుచూశాను. దాటింది. దాని తర్వాత వచ్చిన ఏళ్లలో ఒక్కదాన్నీ నేను తొందరపెట్టలేదు, అయినా అవన్నీ దానికంటే తొందరగా దాటిపోయాయి.